ఇంట్లోనే ఉంటారుగా!

పక్కింటివాళ్లు ఊరికి వెళుతూ తాళంచెవి ఇచ్చిపోతారు. మేడమీద వాటావాళ్ల గ్యాస్ బండ కిందే దిగుతుంది. ఎవరూ తలుపు తీయకపోతే కొరియర్ అబ్బాయి ఈ తలుపే తడతాడు. మధ్యాహ్నం ప్లంబర్ వస్తాడు, కాస్త దగ్గరుండి చూడమని అత్తయ్య ఫోన్ చేస్తుంది. ఇందులో ఏ ఒక్కటీ పెద్ద పని కాదు. అడిగినవారిలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ‘మీరు ఇంట్లోనే ఉంటారుగా’ అనేసరికి కాదనడానికి నోరు రాదు. చదువు ముగిశాకనో, చేస్తున్న ఉద్యోగం వదిలేశాకనో, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాకనో రాతనే బతుకుతెరువు చేసుకుందామని ఇంట్లో ఓ మూల బల్ల వేసుకున్నవారికి మొట్టమొదట ఎదురయ్యేది ఈ మాటే. అందులో చనువు ఉంది, ఆప్యాయత ఉంది. ఎదుటి మనిషి పనిలో ఉన్నారన్న ఎరుక మాత్రం లేదు.

పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఏం చేస్తాడని అడుగుతారు. రాస్తాడని చెబితే, అది సరే, ఉద్యోగం ఏమిటని మళ్లీ అడుగుతారు. అద్దె ఇంటికి వెళ్లినా, బ్యాంకులో అప్పు అడిగినా ముందు కావలసింది జీతం చీటీ. నెలనెలా ఒకే తేదీన ఒకే మొత్తం ఖాతాలో పడకపోతే ఆ మనిషికి ఆదాయం ఉన్నట్టు కాగితం మీద రుజువు చేయడం కష్టం. బంధువుల ఇళ్లలో శుభకార్యాలకు వెళితే, ‘ఖాళీగానే ఉన్నావు కదా, మా చిన్నదాని స్పీచ్ కాస్త రాసిపెట్టు’ అంటారు. శుభలేఖలు, గృహప్రవేశ ఆహ్వానాలు, పదవీ విరమణ సన్మానపత్రాలు, కాలనీ సంఘం నోటీసులు అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. వాటికి డబ్బు ఇవ్వాలని ఎవరికీ తోచదు. ఇమ్మని అడగడానికి వీరికీ మొహమాటం.

తెలుగులో రాతపని ఇవాళ చాలా ఉంది. టీవీ సీరియల్‌కు సంభాషణలు కావాలి. ఇతర భాషల సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు డబ్బింగ్ స్క్రిప్టులు, సబ్‌టైటిళ్లు కావాలి. ఆడియో కథల యాప్‌లు వారానికిన్ని ఎపిసోడ్‌లని ఒప్పందాలు రాయించుకుంటున్నాయి. బ్యాంకుల ప్రకటనలు, ఆసుపత్రుల కరపత్రాలు, ఎరువుల సంచుల మీద జాగ్రత్తలు, ఫోన్‌లో కనిపించే యాప్ బటన్ల మీది మాటలు అన్నీ ఎవరో ఒకరు తెలుగులో రాసినవే. యూట్యూబ్ ఛానెళ్లకు రోజూ స్క్రిప్టులు కావాలి. గైడ్లు, పాఠ్యపుస్తకాలు రాసేవారు, పెద్దమనుషుల ఆత్మకథలను వారి పేరుతో రాసిపెట్టేవారు వేరే ఉన్నారు. ఈ పనిలో చాలా భాగాన్ని ఏ సంస్థ జీతపు పట్టీలోనూ లేనివారే చేస్తున్నారు. కోవిడ్ కాలంలో కొన్ని వార, మాస పత్రికలు అచ్చు ఆపేశాయి. వాటిలో పనిచేసిన సబ్‌ఎడిటర్లు ఎందరో ఆ తర్వాత ఇంటి నుంచే రాయడం మొదలుపెట్టారు.

ఇది కొత్తగా పుట్టిన వృత్తేమీ కాదు. తెలుగు దినపత్రికలు జిల్లాలకు, మండలాలకు విస్తరించిన రోజుల్లో గ్రామీణ విలేఖరులకు జీతాలు లేవు. అచ్చయిన వార్తలను కత్తిరించి, అంటించి, కొలిచి పంపితే ‘లైన్ అకౌంట్’ కింద లెక్కగట్టి ఇచ్చేవారు. రాసింది ఎంతైనా, అచ్చయినంత మేరకే డబ్బు. కథలు రాసేవారు తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు జతచేసి పంపేవారు. వారాల తర్వాత ఆ కవరు ఇంటికి వస్తే విప్పకుండానే సంగతి అర్థమయ్యేది. ఆ కాలంలోనే మాలతీ చందూర్ మద్రాసులో ఇంటి నుంచే జీవితమంతా రాశారు. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆమె ‘ప్రమదావనం’ దశాబ్దాలపాటు నడిచింది. వంట దగ్గర్నుంచి వైవాహిక సమస్యల దాకా పాఠకులు ఏది అడిగినా జవాబిచ్చేవారు. ఒకవైపు నవలలు, మరోవైపు వంటల పుస్తకాలు, ఇంకోవైపు ‘పాత కెరటాలు’ శీర్షికన ఆంగ్ల నవలల పరిచయాలు. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వారం వారం గడువుకు అందించే శీర్షికకూ, అకాడమీ గుర్తించిన నవలకూ మధ్య ఆమె గోడ కట్టుకోలేదు. రెండూ రాత పనులే. కొత్తగా ఈ దారి పట్టినవారికి ఇంతకన్నా దగ్గరి ఆదర్శం మరొకటి కనిపించదు.

అప్పటికీ ఇప్పటికీ మారనిది ఒకటి ఉంది. ఇంట్లో రాసే మనిషి రోజును ఇల్లే ముందు తీసుకుంటుంది, మిగిలింది రాతకు వదులుతుంది. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పనులకు మహిళలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ పనుల్లో పాలుపంచుకునేవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుని వేసిన సగటు ఇది. 289 నిమిషాలంటే ఐదు గంటలకు పదకొండు నిమిషాలే తక్కువ. వంట, అంట్లు, బట్టలు అయ్యాక పిల్లల సంరక్షణ, పెద్దవారి మందులు వేరే లెక్క. ఆఫీసుకు వెళ్లే ఇల్లాలు కనీసం కొన్ని గంటలైనా ఆ పనులకు దూరంగా ఉంటుంది. ఇంట్లో కూర్చుని రాసే ఇల్లాలికి ఆ దూరం లేదు. కుక్కర్ కూత వినబడుతూనే ఉంటుంది, ఆరేసిన బట్టల మీద వాన చినుకు పడుతూనే ఉంటుంది. అలాంటి రోజులో వెయ్యి పదాలు రాసి పంపగలిగితే అది చిన్న విషయం కాదు.

మొదటి నెలల్లో చాలామంది రోజంతా రాస్తామనుకుంటారు. పగలంతా తమదేనన్న ధీమాతో పొద్దున పేపరు చదువుతారు, పదింటికి కూర్చుందామనుకుంటారు, ఆ పది పన్నెండవుతుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు, సాయంత్రం ఎవరో రావడం, రాత్రి గడువు గుర్తొచ్చి తెల్లవారే దాకా మేలుకోవడం. మర్నాడు మళ్లీ అదే వరస. ఎవరూ ప్రశ్నించని రోజుకు హద్దులు ఎవరికి వారే గీసుకోవాలి. నిలదొక్కుకున్నవారిని అడిగితే దాదాపు అందరూ చెప్పేది ఒకటే సంగతి: రోజులో ఎవరికీ ఇవ్వని రెండు మూడు గంటలు తమకుండాలని. కొందరికి అది ఇల్లు లేవకముందు తెల్లవారుజామున దొరుకుతుంది. కొందరికి పిల్లలు బడికి వెళ్లాక. ఆ వేళలో కొత్తది రాస్తారు. మధ్యాహ్నం దిద్దుబాట్లు, సాయంత్రం ఫోన్లు, లెక్కలు. అమెరికాలోని తెలుగువారి సంస్థలకు రాసేవారైతే రాత్రి పొద్దుపోయాక మాట్లాడాల్సి వస్తుంది, అక్కడ అప్పుడే పగలు మొదలవుతుంది కనుక. అలాంటివారు పొద్దున్నే లేవలేదని ఇంట్లో మాట పడటం న్యాయం కాదు.

ఆ రెండు మూడు గంటలు రాసేవారి పట్టుదల వల్ల మాత్రమే దక్కవు. ఇంట్లోవాళ్లు ఇవ్వాలి. తలుపు వేసి ఉంటే పనిలో ఉన్నట్టేనని పిల్లలకు చెప్పే నాన్న ఉండాలి. ‘కోడలు రాసుకుంటోంది, మధ్యాహ్నం రండి’ అని చుట్టాలకు చెప్పగలిగే అత్తగారు ఉండాలి. గది లేకపోయినా ఫరవాలేదు, భోజనాల బల్లలో ఒక చివర చాలు, కానీ ఆ చివర ఎప్పుడూ తమదే కావాలి. పొద్దున టిఫిన్లయ్యాక బల్ల తుడిచి, ల్యాప్‌టాప్ పెట్టి, మధ్యాహ్నం భోజనాలకు మళ్లీ అన్నీ ఎత్తి, తిరిగి పరచుకోవడంలోనే ఆలోచన చెదిరిపోతుంది. వెన్నుకు ఆనే కుర్చీ ఒకటి కొనుక్కోవడాన్ని చాలామంది మొదటి సంపాదన దాకా వాయిదా వేస్తారు. మెడ, నడుము ఆ వాయిదాను ఒప్పుకోవు. కొత్తవారు ముందుగా ఖర్చు పెట్టాల్సింది మంచి కుర్చీ మీద, కళ్లద్దాల మీద. ఖరీదైన కంప్యూటర్ ఆ తర్వాత సంగతి.

తెలుగులో రాసేవారికి ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్ వచ్చి ముప్పై ఏళ్లు దాటినా మన ముద్రణాలయాల్లో చాలాచోట్ల నేటికీ ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లతోనే పేజీలు కడతారు. ఇంట్లో యూనికోడ్‌లో టైపు చేసి పంపిన మ్యాటర్ అక్కడ మార్పిడి అయ్యేసరికి కొన్ని వత్తులు ఊడిపోతాయి, కొన్ని గుణింతాలు తారుమారవుతాయి. అచ్చులో తప్పులు చూసిన పాఠకుడు రచయితనే తప్పుపడతాడు. ఒక సంస్థకు ఇన్‌స్క్రిప్ట్‌లో, మరొకరికి అను యాపిల్ కీబోర్డులో, ఇంకొకరికి ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో రాసి పంపేవారున్నారు. ఏ పద్ధతిలో రాసినా ప్రూఫ్ మరోసారి తమకు చూపమని అడగడం మర్యాద తప్పడం కాదు. పేజీ మూసేలోగా ఒక్కసారి చూపే ఎడిటర్లు ఇప్పటికీ ఉన్నారు. వారి పేరు చెప్పగానే రాసేవారి ముఖంలో వెలుగు వస్తుంది.

ఇక డబ్బు సంగతి. ఇంటి నుంచి రాయడం మొదలుపెట్టినవారిని నిరుత్సాహపరిచి తిరిగి ఏదో ఒక ఉద్యోగానికి పంపేది ఎక్కువగా ఇదే. ప్రతిభ లేక వెనుదిరిగినవారికన్నా, రావలసింది వేళకు రాక వెనుదిరిగినవారే ఎక్కువమంది కనిపిస్తారు.

మొదట ‘శాంపిల్’ అడుగుతారు. ఒక పేజీ రాసి చూపమంటే సబబే. ఐదు వ్యాసాలు శాంపిల్‌గా రాయించుకుని, ఆ తర్వాత ఫోన్ ఎత్తనివారూ ఉన్నారు. కొత్తవారు తమ పాత రచనలు రెండు మూడు నమూనాగా పంపడం, అదనంగా కావాలంటే డబ్బుకే రాస్తామనడం మంచిది. తర్వాత రేటు దగ్గర బేరం. పదానికి ఇన్ని పైసలని మాట్లాడుకుంటారు. ఇక్కడ తెలుగువారు జాగ్రత్తగా చూసుకోవలసింది ఒకటుంది. ఇంగ్లీషు నుంచి అనువదించేటప్పుడు లెక్కగట్టేది మూలంలోని పదాలా, తెలుగులో వచ్చిన పదాలా? తెలుగులో విభక్తులూ క్రియా రూపాలూ మాటకు అతుక్కునే ఉంటాయి. అక్కడ నాలుగైదు మాటలుగా విడివిడిగా ఉన్నది ఇక్కడ ఒకే మాటగా కుదురుతుంది. అందువల్ల వెయ్యి పదాల ఇంగ్లీషు వ్యాసం తెలుగులోకి వచ్చేసరికి చాలా తగ్గిపోతుంది. పదానికి యాభై పైసలన్నది ఏ వైపు లెక్కో ముందే తేల్చుకోకపోతే 500 రూపాయలు వస్తాయనుకున్నచోట 350 చేతికి వస్తాయి. శ్రమ మాత్రం తగ్గదు. చిక్కగా, క్లుప్తంగా రాయగలిగిన అనువాదకుడికే ఈ లెక్కలో ఎక్కువ నష్టం. మూలంలోని పదాలను లెక్కగట్టడమే న్యాయం.

‘మీ పేరు వేస్తాం, పదిమందికీ తెలుస్తారు’ అనేవారు ఉంటారు. చిన్న సాహిత్య పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు ఆ మాట అంటే అర్థముంది. అక్కడ సంపాదకుడే జేబులోంచి ఖర్చుపెట్టి నడుపుతుంటాడు. అలాంటి పత్రికకు ఇష్టంతో రాయడం రాసేవారికీ గౌరవమే. ప్రకటనల ఆదాయంతో నడిచే సంస్థ ఆ మాట అంటే కాదనడం నేర్చుకోవాలి. కెమెరామన్‌కు, ఎడిటింగ్ చేసినవారికి, గొంతు ఇచ్చినవారికి డబ్బిచ్చి స్క్రిప్టు రాసినవారికి మాత్రం పేరు చాలనడం ఏ విధంగానూ సమంజసం కాదు.

పని ఇచ్చినవారు డబ్బు ఎగ్గొట్టడం కన్నా ఆలస్యం చేయడమే ఎక్కువ. అకౌంట్స్‌లో ఉందంటారు, సంతకం కావాలంటారు, నెలాఖరు అంటారు, పండగ తర్వాత అంటారు. ఇంట్లో పాలవాడికి, కరెంటు బిల్లుకు, పిల్లల ఫీజుకు ఆ పండగలు లేవు. మూడుసార్లు అడిగాక నాలుగోసారి అడగడానికి రాసేవారికే సిగ్గేస్తుంది. తమ డబ్బు తాము అడగడానికి సిగ్గుపడవలసిన స్థితి ఇంకే పనిలోనైనా ఇంతగా ఉందా అనిపిస్తుంది. తాపీమేస్త్రీ శనివారం సాయంత్రం కూలి అడిగి తీసుకుంటాడు. ఎవరూ తప్పుపట్టరు.

చట్టం ఈ విషయంలో రాసేవారి పక్షానే ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. సేవలందించే ఒక్క మనిషి కూడా ఆధార్, పాన్‌లతో ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. అలా నమోదైనవారి నుంచి పని తీసుకున్న సంస్థ ఒప్పుకున్న తేదీకి డబ్బు చెల్లించాలి, ఆ తేదీ 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే పని అందుకున్న 15 రోజుల్లో చెల్లించాలి. తప్పితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలని చట్టం చెబుతోంది. ఫిర్యాదు వినడానికి రాష్ట్రాల్లో ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు ఉన్నాయి. పని ఒప్పుకోకముందే నమోదై ఉండటం మేలు. ప్రతి రెండు వేల రూపాయలకూ కౌన్సిల్ మెట్లెక్కాలని కాదు. ఇన్‌వాయిస్ అడుగున ఆ నమోదు సంఖ్య, 45 రోజుల గడువు వేసి పంపితే చూసే అకౌంటెంటుకు సంగతి తెలుస్తుంది.

ఇన్‌వాయిస్ అన్న మాట వినగానే కథకులు, కవులు కొంచెం వెనక్కి తగ్గుతారు. అది వ్యాపారుల వ్యవహారమనిపిస్తుంది. తేదీ, చేసిన పని, పదాల సంఖ్య, రేటు, మొత్తం, బ్యాంకు ఖాతా వివరాలు ఉన్న ఒక కాగితం అది, అంతే. సంస్థలు వృత్తి సేవలకిచ్చే డబ్బులోంచి పది శాతం టీడీఎస్ పట్టుకోవడం మామూలు. ఏడాది ఆదాయం పన్ను పరిధిలోకి రానివారు రిటర్ను వేస్తే ఆ మొత్తం వెనక్కి వస్తుంది. చాలామంది కొత్తవారికి ఇది తెలియక ఏళ్లతరబడి తమ డబ్బు అక్కడే వదిలేస్తున్నారు. రిటర్నులు వరసగా ఉంటే జీతం చీటీ అడిగిన బ్యాంకు ముందు పెట్టడానికీ ఒక కాగితం ఉంటుంది.

హక్కుల విషయం మరింత ముఖ్యం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం జీతానికి పనిచేయని రచయిత రాసినదానికి మొదటి హక్కుదారు ఆ రచయితే. డబ్బిచ్చారు కాబట్టి హక్కులన్నీ తమవేనని ఎవరైనా నోటిమాటగా అంటే చెల్లదు. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎన్నేళ్లకో రాసుకోకపోతే ఐదేళ్లకనే అర్థం, ఏ ప్రాంతానికో రాసుకోకపోతే భారతదేశం వరకేనని అర్థం. రచన తనదని చెప్పుకొనే హక్కును చట్టంలోని 57వ సెక్షన్ విడిగా కాపాడుతుంది. పత్రికకని రాసిన కథ మరుసటేడు ఆడియోగా వినిపిస్తే, ఆ తర్వాత వెబ్ సిరీస్ అయితే, మొదటిరోజు సంతకం చేసిన కాగితంలో ఏముందో అప్పుడు వెతుక్కుంటారు. ఆకాశవాణిలో పది నిమిషాల ప్రసంగానికి పిలిచినా కాంట్రాక్టు కాగితం ఇంటికి వచ్చేది. అంశం, తేదీ, నిడివి, పారితోషికం అందులో ఉండేవి. సంతకం చేసి తిప్పి పంపాకే రికార్డింగ్. అంత పాత సంస్థ అంత చిన్న పనికి పాటించిన మర్యాదను నేటి పెద్ద సంస్థలు పాటించలేకపోవడానికి కారణం కనబడదు.

ఈమధ్య ఇంకో రకం పని వస్తోంది. యంత్రం తెలుగులోకి మార్చింది, మీరు కాస్త సరిచూడండి చాలు అంటూ సగం రేటు, పావు రేటు చెబుతున్నారు. చేసి చూసినవారికి తెలుసు, ఆ ‘కాస్త’లో ఎంత ఉందో. వాక్యం పైకి సాఫీగా కనిపిస్తుంది, అర్థం మాత్రం మరోలా ఉంటుంది. తాతగారిని ‘నువ్వు’ అంటుంది, పసిపిల్లను ‘మీరు’ అంటుంది. ఒకే పేరాలో గ్రాంథికం, వ్యావహారికం కలిసి నడుస్తాయి. ప్రతి వాక్యాన్నీ మూలంతో సరిచూసి, విప్పి, మళ్లీ కట్టాలి. కొన్నిసార్లు మొదటినుంచి రాసుకోవడమే తేలిక. యంత్రాలు వద్దనలేం, వాటివల్ల సాయం పొందుతున్న రచయితలూ ఉన్నారు. మందుల కరపత్రంలో మోతాదు, బ్యాంకు పత్రంలో షరతు తప్పు పోకుండా చూసే బాధ్యత మాత్రం చివరికి ఒక మనిషి మీదే పడుతోంది. ఆ బాధ్యతకు తగ్గ ధర ఇవ్వాలి.

కొత్తగా వేసిన మామిడితోట కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అందాకా రైతు వరసల మధ్య మినుమో పెసరో కూరగాయలో అంతరపంటగా వేసుకుంటాడు. రాతతో బతకాలనుకునేవారికీ తొలి ఏళ్లు అలాంటివే. నవల రాయాలని బల్ల ముందు కూర్చున్నవారు పొద్దున సబ్బు ప్రకటన, మధ్యాహ్నం ఎరువుల కరపత్రం రాయాల్సి వస్తుంది. అది పతనమని బాధపడేవారున్నారు. అక్కర్లేదు. పురుగుమందు డబ్బా మీద రైతుకు అర్థమయ్యేలా నాలుగు వాక్యాలు రాయగలిగితే అది ప్రాణాలు కాపాడే రాత. పైగా అలాంటి పనిలో వాక్యం నిక్కచ్చిగా, పొదుపుగా రాయడం అలవడుతుంది. కాకపోతే నవలకు రోజులో ఒక గంటయినా మిగల్చుకోవాలి. ఆ గంటను కూడా డబ్బు వచ్చే పనికి ఇచ్చేస్తూ పోతే ఏ కోరికతో ఉద్యోగం వదిలారో అది వెనకబడిపోతుంది.

పని లేని రోజులు ఎక్కువ భయపెడతాయి. మొన్నటిదాకా వరసగా వచ్చిన పని ఆగిపోయి, ఫోన్ మోగదు. అప్పుడు ఇంట్లో ఎవరైనా మామూలుగా ‘ఇవాళ ఏం చేశావు?’ అని అడిగినా అది నిలదీసినట్టు వినిపిస్తుంది. ఆ రోజుల్లో చదవడం పనికిమాలిన కాలక్షేపం కాదు, వృత్తిలో భాగం. డాక్టరు వైద్య పత్రికలు చదివితే పని అంటాం, రచయిత పుస్తకం చదివితే తీరిక అనుకుంటాం. ఇంటివారు ఈ తేడా చూపకుండా ఉంటే ఎంతో మేలు. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోకుండా ఉద్యోగం వదలొద్దని పాతకాపులు కొత్తవారికి చెబుతారు. ఆ సలహాకు విలువివ్వాలి. ఉత్సాహం ఎంత ఉన్నా, అద్దె భయంతో రాసిన వాక్యం కుదురుగా రాదు.

ఒంటరితనం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఆఫీసులో పని ఎంత విసుగైనా టీ వేళకు నలుగురు ఉంటారు. రాసింది బాగుందో లేదో చెప్పడానికి పక్క సీటు ఉంటుంది. ఇంట్లో రాసేవారికి సాయంత్రానికి మాట్లాడిన మాటలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ఒకే ఊళ్లో ఉన్న నలుగురైదుగురు రాసేవారు నెలకోసారి కలిసి కూర్చుంటే రేట్లు, బాకీలు, మంచి పుస్తకాలు, నమ్మదగిన సంస్థలు అన్నీ మాటల్లో దొర్లుతాయి. ఎవరు ఎంత తీసుకుంటున్నారో ఒకరికొకరు దాచుకోవడం వల్ల లాభపడేది తక్కువ ఇచ్చేవారే.

కూర్చోవడానికి చోటు సంగతి ప్రభుత్వాలూ ఆలోచించవచ్చు. మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళితే పోటీ పరీక్షలకు చదివే యువత పొద్దుటి నుంచి రాత్రి దాకా కనిపిస్తారు. వారికి ఆ చోటు ఎంత అండో చూస్తేనే తెలుస్తుంది. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల ఉన్న పాత పత్రికలు, పుస్తకాలు రాసేవారికి ఎంతో అవసరం. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ ఒక చిన్న గది, నాలుగు బల్లలు, కరెంటు ప్లగ్గులు, ఫ్యాను రాసుకునేవారికని కేటాయిస్తే పెద్ద ఖర్చు కాదు. ఇంట్లో చోటు లేని అమ్మాయి మధ్యాహ్నం రెండు గంటలు అక్కడ కూర్చుని రాసుకుని వస్తుంది. ‘లైబ్రరీకి వెళ్లింది’ అంటే ఇరుగుపొరుగు కూడా ప్లంబర్ పని చెప్పరు.

ఇన్ని ఇబ్బందులున్నా మానలేనివారు ఎందరో. ఎక్కడో శ్రీకాకుళం దగ్గర పల్లెలో రాసిన వాక్యాన్ని ఆదిలాబాద్‌లో బస్సులో వెళుతున్న ఒకరు చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటారు. రచయిత సరళంగా రాసిన కరపత్రం చదివి ఒక తల్లి బిడ్డకు టీకా వేయిస్తుంది. పాపను బడి నుంచి తీసుకురావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మకు జ్వరం వస్తే పక్కన కూర్చుని రాసుకోవచ్చు. పిల్లల చదువు కోసమో, పెద్దల ఆరోగ్యం కోసమో ఊరు వదల్లేనివారికి ఈ వృత్తి ఒక దారి చూపిస్తోంది. ముఖ్యంగా చదువుకుని కూడా ఇంటి బాధ్యతల వల్ల ఉద్యోగాలు మానుకున్న మహిళలకు. తెలుగులో మంచిగా రాయగలిగినవారిని ఆ రాత మీద బతకనిస్తేనే రేపు మన చేతికి వచ్చే పాఠ్యపుస్తకం, ప్రభుత్వ ప్రకటన, మందు చీటీ, సినిమా మాట తెలుగుగా ఉంటాయి.

ఇంట్లో ఒకరు రాసుకుంటుంటే, ఈ వారం నుంచే వారికి రోజూ ఒక రెండు గంటలు విడిచిపెట్టండి. ఆ వేళలో తలుపు తట్టకండి, వేరేవారిని తట్టనివ్వకండి. రాతపని చేయించుకునే పత్రికలు, ఛానెళ్లు, యాప్‌లు, సంస్థలకు మనవి ఒకటే. రచన నచ్చకపోతే నచ్చలేదని పది రోజుల్లో ఒక మాట చెప్పండి. నచ్చితే, ఆ సంగతి తెలిపే లేఖలోనే పారితోషికం ఎంతో, ఏ తేదీన ఖాతాలో వేస్తారో రాయండి. ఆ తేదీ దాటనివ్వకండి.